రిఫరీ తీర్పు దేవునికి అర్పణ కాగలదా?

పాఠకుని ఉత్తరం, కొంత కుదించి:

"నేను ఎనిమిదేళ్లుగా శని, ఆదివారాల్లో ఫుట్‌బాల్ రిఫరీగా పనిచేస్తున్నాను. ఎక్కువగా పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మ్యాచ్‌లు. క్రీస్తును నమ్మినవాణ్ని. చేసే ప్రతి పనీ ఆరాధనే అని సంఘంలో విన్నప్పటినుంచి ఈ పనినీ అలాగే చేయాలని చూస్తున్నాను. మైదానంలోకి దిగే ముందు ప్రార్థన చేస్తాను. కానీ ఆట మొదలయ్యాక ముగిసేదాకా దేవుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాడు. దీన్ని ఆరాధన అని ఎలా అనుకోవాలి? పోయిన నెల ఒక సెమీఫైనల్ చివరి నిమిషాల్లో పెనాల్టీ ఇచ్చాను. నేను కాస్త దూరంలో ఉన్నాను, మధ్యలో ఇంకో ఆటగాడు అడ్డం వచ్చాడు. కాలు తగిలిందనుకున్నాను. తర్వాత ఒకరు ఫోనులో తీసిన వీడియో చూస్తే తగిలింది బంతికే. ఆ గోలుతోనే ఒక జట్టు ఓడిపోయింది. పెనాల్టీ తర్వాత రెండు నిమిషాలకు ఓడుతున్న జట్టుకు ఒక చిన్న ఫ్రీ కిక్ కూడా ఇచ్చాను, కొంతైనా సరిచేద్దామని. అయినా వాళ్ల కోచ్ అందరి ముందూ నన్ను దొంగ అన్నాడు. విశ్వాసిని కదా అని తలవంచుకుని ఊరుకున్నాను. లోపమున్న జంతువును బలిగా తేవద్దని లేఖనం చెబుతుంది. నేను తెచ్చింది గుడ్డి గొర్రెనా? ఇవి చాలనట్టు మా సంఘపు యువకుల జట్టు మ్యాచ్‌లకూ నన్నే వేస్తున్నారు. వాళ్లు నావైపు ఆశగా చూస్తారు. ఆదివారం మ్యాచ్‌లు ఒప్పుకోవాలా అన్నది ఇంకో బాధ. ఈ పని మానేయమంటారా?"

సోదరా,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మానేయకండి. మోకాళ్లు అరిగాక, ఇంట్లో మీ అవసరం పెరిగాక మానవలసిన రోజు వస్తే అది మీకే తెలుస్తుంది. ఒక తప్పు పెనాల్టీ ముల్లులా గుచ్చుకుంటున్న నెలలో మాత్రం ఆ నిర్ణయం తీసుకోవద్దు. నేనూ పందొమ్మిదేళ్లు విజిల్ పట్టుకున్నవాణ్నే. నా తప్పులు ఏ మైదానంలో, ఏ గోల్‌పోస్టు దగ్గర జరిగాయో ఇప్పటికీ చెప్పగలను. అందుకే మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను.

ఆట నడుస్తుండగా దేవుడు గుర్తుకు రావడంలేదని రాశారు. ఆ వాక్యం చదివి నేను సంతోషించాను. బంతి మీద, ఇరవై ఇద్దరు ఆటగాళ్ల మీద, జెండా పట్టుకుని గీత వెంట పరుగెత్తే అసిస్టెంట్ల మీద మనసు నిలిపినవాడికి మరో ఆలోచనకు చోటుండదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం తొమ్మిదో అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. పేర్ల జాబితా అనుకుని చాలామంది దాటేసే అధ్యాయం అది. దేవుని మందిరంలో లేవీయులు ఎవరెవరు ఏ పని చేసేవారో అందులో ఉంది. పాటలు పాడేవాళ్లతో పాటు గుమ్మాల దగ్గర కావలి కాసేవాళ్లున్నారు. పిండి, ద్రాక్షారసం, నూనె, సాంబ్రాణి చూసుకునేవాళ్లున్నారు. సేవకు వాడే పాత్రలను లెక్కపెట్టి లోపలికి తీసుకువెళ్లి, మళ్లీ లెక్కపెట్టి బయటికి తెచ్చేవాళ్లున్నారు. ఆ పాత్రలు లెక్కించే లేవీయుణ్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. పక్క నుంచి కీర్తన వినిపిస్తున్నా అతని పెదవుల మీద అంకెలే ఉండాలి. మధ్యలో పారవశ్యంతో కళ్లు మూసుకుంటే లెక్క తప్పుతుంది. అతనికి ఆ క్షణంలో దేవుడు అప్పగించినది లెక్కే.

హీబ్రూలో అవోదా అని ఒక మాట ఉంది. పని అన్నా అదే, ఆరాధన అన్నా అదే. ఏదెను తోటను సేద్యం చేయమని ఆదాముకు అప్పగించిన చోట కనిపించే క్రియాపదం, మందిరంలో లేవీయుల సేవను చెప్పే మాట ఒకే ధాతువు నుంచి వచ్చినవి. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు "సజీవ యాగముగా" సమర్పించమన్నది శరీరాలను. మీ విషయంలో ఆ శరీరమంటే ఎదురుదాడి మొదలైన వెంటనే పరుగందుకునే కాళ్లు, పడిపోయిన ఆటగాడి మీద కాక అతణ్ని పడగొట్టిన కాలి మీద నిలిచే కళ్లు. ముందు ప్రార్థన చేయండి, తర్వాత కృతజ్ఞత చెప్పండి. మధ్యలో ఆటను చూడండి.

అయితే "ఏ పనైనా ఆరాధనే" అన్న మాటతోనే మిమ్మల్ని పంపించలేను. అది వడ్రంగికీ సరిపోతుంది, గుమస్తాకూ సరిపోతుంది. మీ పనిలో ఇంకొకటి ఉంది. మీరు మనుషుల మధ్య తీర్పు తీరుస్తారు. లేఖనం తీర్పును చూసినంత భయంగా, గౌరవంగా చూసిన పనులు తక్కువ. దినవృత్తాంతముల రెండో గ్రంథం పందొమ్మిదో అధ్యాయంలో యూదా రాజు యెహోషాపాతు కోటలున్న ప్రతి పట్టణంలోనూ న్యాయాధిపతులను నియమిస్తాడు. నియమించి, మీరు చేసేది జాగ్రత్తగా చూసుకోండి, మీరు తీర్పు తీర్చేది మనుషుల కోసం కాదు, యెహోవా కోసం, తీర్పు తీర్చేటప్పుడు ఆయన మీతో ఉంటాడు అంటాడు. దేవుడు పాటల దగ్గర ఉంటాడని మనం సులువుగా నమ్ముతాం. ఇద్దరు వాదించుకుంటున్న చోట, ఎవరో ఒకరు నొచ్చుకోక తప్పని నిర్ణయం దగ్గర ఉంటాడని నమ్మడం కష్టం. యెహోషాపాతు అన్నది సరిగ్గా అదే.

అక్కడ నడిచినవి హత్యల వ్యాజ్యాలు, నియమాల తగాదాలు, ఇది బంతాట. రెండూ ఒకటే అని నేననను. కానీ మీ ముందున్న పదిహేనేళ్ల కుర్రవాడివైపు నుంచి చూడండి. తల్లిదండ్రులకు అతని మీద ప్రేమ ఉంది. ఉపాధ్యాయులకు అతని గురించి ఏదో ఒక అభిప్రాయం ఉంది. అతని పేరు కూడా తెలియని ఒక పెద్ద మనిషి, అతని వైపూ అవతలి వైపూ లేకుండా, చూసినదాన్ని చూసినట్టు చెప్పడం అతను బహుశా మొదటిసారి చూసేది ఫుట్‌బాల్ మైదానంలోనే. న్యాయం ఎలా ఉంటుందో అతనికి చూపించే మొదటి పరాయి మనిషి మీరు. ఈ మాట బరువు పెంచడానికి చెప్పడం లేదు. ఈ పనిని కాలక్షేపమని ఎవరైనా తేలిక చేస్తే మీరు నమ్మకూడదని చెబుతున్నాను.

అంపైర్ అనే మాట పుట్టుక నాకు చాలా ఇష్టం. అది "జత కానివాడు" అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఇద్దరి మధ్య మూడోవాడు, ఏ పక్షంతోనూ జోడు కుదరని బేసివాడు. యోబు తన బాధలో కోరుకున్నది అలాంటివాణ్నే. దేవునికీ తనకూ మధ్య నిలబడి ఇద్దరి మీదా చెయ్యి ఉంచగల మధ్యవర్తి లేడని తొమ్మిదో అధ్యాయంలో వాపోతాడు. కొన్ని ఆంగ్ల అనువాదాలు అక్కడ అంపైర్ అనే మాటనే వాడాయి. ఆ మధ్యవర్తి వచ్చాడని మన విశ్వాసం. మీరు చేసేది ఆయన చేసిన పని అని నేననడం లేదు. రెండు పక్షాల మధ్య ఒంటరిగా నిలబడి, రెండు వైపులనుంచీ మాటలు పడే చోటు మాత్రం ఆయనకు బాగా తెలిసినది. విరామ సమయంలో ఎవరూ పలకరించని ఆ పది, పదిహేను నిమిషాల్లో నన్ను ఈ ఆలోచనే నిలబెట్టేది.

ఇప్పుడు గుడ్డి గొర్రె సంగతి.

మలాకీ మొదటి అధ్యాయంలో దేవుడు కోపగించుకున్నది ఎవరి మీద? గుడ్డిదాన్ని, కుంటిదాన్ని, రోగం పట్టినదాన్ని బలిపీఠం దగ్గరికి తెచ్చినవాళ్ల మీద. ఆ అధ్యాయం చివరి వచనం కూడా చదవాలి. మందలో మంచి మగది ఉండగా, దాన్ని మొక్కుకుని కూడా, లోపమున్నదాన్ని అర్పించే మోసగాడి ప్రస్తావన అక్కడుంది. అంటే నేరం, మంచిది ఉండి కూడా దాచుకోవడం. ఉన్నదాంట్లో మేలైనది తెచ్చిన పేదవాడి మీద దేవుడు ఎన్నడూ అలా మండిపడలేదు. గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తెస్తే చాలని ధర్మశాస్త్రమే ఏర్పాటు చేసింది.

ఈ వెలుగులో ఆ పెనాల్టీని చూడండి. మీరు దూరంగా ఎందుకున్నారు? ఎదురుదాడి వేగంగా వచ్చి, ప్రాణం పెట్టి పరుగెత్తినా అంతవరకే చేరగలిగారా? అయితే అది మనిషి కాళ్లకున్న హద్దు, దానికి క్షమాపణ అక్కరలేదు. కొన్ని నెలలుగా సాధన మానేసి, పరుగు తగ్గి, అక్కడే ఆగిపోయారా? అయితే అది కుంటి గొర్రె, మంద మేపడం తిరిగి మొదలుపెట్టండి. ఇంకొకటి. "తగిలిందనుకున్నాను" అని రాశారు. చూశానని రాయలేదు. పడిన తీరు, వినిపించిన కేక, లేచిన చేతులు కలిసి మీ కళ్ల బదులు తీర్పు ఇచ్చాయేమో మీరే పరీక్షించుకోండి. చూడనిదాన్ని ఇవ్వకూడదన్నది మన పనిలో మొదటి పాఠం. ఎనిమిదేళ్లు కాదు, ముప్పై ఏళ్లు చేసినా ఆ పాఠం తప్పుతూనే ఉంటాం. ఇది దేవుని ముందు ఒప్పుకోవలసిన విషయం, నేర్చుకోవలసిన విషయం. నిద్ర మానుకోవలసిన విషయం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది పెనాల్టీ కాదు. దాని గురించి మీరు ఎన్నో వాక్యాలు రాశారు. ఆ తర్వాత ఇచ్చిన ఫ్రీ కిక్‌ను ఒక్క వాక్యంలో, ఏదో మంచిపని చేసినట్టు, దాటేశారు. సోదరా, లోపమున్న బలి అదే. పెనాల్టీ ఇచ్చినప్పుడు అది తప్పని మీకు తెలియదు. ఫ్రీ కిక్ ఇచ్చినప్పుడు అది ఫౌల్ కాదని తెలుసు. ఒకరికి తక్కువ తూచిన వర్తకుడు మరుసటివాడికి ఎక్కువ తూస్తే త్రాసు సరవుతుందా? "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల గ్రంథం అంటుంది, ఏ వైపు వంగిన దొంగత్రాసు అని విడదీయలేదు. లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం ఇంకా సూటిగా చెబుతుంది: "బీదవాడని పక్షపాతము చేయకూడదు, గొప్పవాడని అభిమానము చూపకూడదు." మొదటి సగం నాకు చాలాకాలం వింతగా అనిపించేది. బీదవాడి వైపు మొగ్గడం దయే కదా అనుకునేవాణ్ని. ఓడుతున్న జట్టుకు, అన్యాయమైపోయిన జట్టుకు చిన్న కానుక ఇవ్వాలన్న కోరిక ఎంత పుణ్యంలా కనిపిస్తుందో మైదానంలో తెలిసివచ్చాక ఆ వాక్యం అర్థమైంది. ఆ కానుక మీరు ఇచ్చింది అవతలి జట్టు సొత్తులోంచి.

కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం పదిహేనో వచనంలో క్రీస్తు ఇచ్చే సమాధానాన్ని, అంటే శాంతిని, మీ హృదయాల్లో "ఏలుచుండ నియ్యుడి" అని ఉంది. గ్రీకు మూలంలో పౌలు అక్కడ వాడిన క్రియ ఆటల పోటీల్లో తీర్పరిగా ఉండడాన్ని, బహుమతి ఎవరిదో తేల్చడాన్ని చెప్పే మాటల కుటుంబానికి చెందినది. అంటే ఆ సమాధానాన్ని మీ లోపల రిఫరీగా ఉండనివ్వండి అని కూడా చదవవచ్చు. తప్పు చేశానన్న అనుమానం వచ్చిన ఆ రెండు నిమిషాల్లో మీ లోపల ఎన్ని గొంతులు అరిచి ఉంటాయో నాకు తెలుసు. సిగ్గు ఒకవైపు, కోచ్ భయం ఒకవైపు, మంచివాడినని అనిపించుకోవాలన్న ఆశ మరోవైపు. ఆ గొంతుల మధ్య విజిల్ ఊదవలసింది ఆ సమాధానం. పోయిన నిర్ణయం పోయింది, ఇప్పుడు నా ముందున్నదాన్ని ఉన్నట్టు చూస్తాను అని చెప్పగలిగే నెమ్మది అది. మనం చేసేది ప్రభువు కోసమన్నట్టు "మనస్ఫూర్తిగా" చేయమన్న వాక్యం అదే అధ్యాయంలో ఎనిమిది వచనాల తర్వాత వస్తుంది. ఆ రెంటినీ నేను జంటగానే చదువుతాను.

2010 జూన్ 2న అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక బేస్‌బాల్ మ్యాచ్ జరిగింది. అర్మాండో గలరాగా అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) వరుసగా ఇరవై ఆరుగురు బ్యాటర్లను అవుట్ చేశాడు. ఇరవై ఏడోవాడు కూడా అవుటైతే ఆ ఆటలో అత్యంత అరుదైన ఘనత దక్కేది. ఆ ఇరవై ఏడోవాడు నిజానికి అవుటే. అంపైర్ జిమ్ జాయిస్ కాదన్నాడు. మ్యాచ్ అయ్యాక రీప్లే చూసి, తన తప్పును దాచకుండా ఒప్పుకుని, ఆ కుర్రవాడికి కన్నీళ్లతో క్షమాపణ చెప్పాడు. గలరాగా అతణ్ని క్షమించాడు. మరుసటి రోజు మ్యాచ్ ముందు జట్టు పేర్ల పత్రాన్ని జాయిస్ చేతికి అందించింది గలరాగాయే. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ అందుకున్నాడు. పోయిన ఘనతను ఎలాగూ తిరిగి ఇవ్వలేడు, ఇచ్చినట్టు నటించలేదు. నిజం చెప్పి, మర్నాడు మళ్లీ పనికి వచ్చాడు. మీకు నేను కోరేది అదే.

మందలో మంచి గొర్రె అంటే ఏమిటో కూడా చెప్పాలి. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన పిల్లల మ్యాచ్ అయినా గంట ముందు వచ్చేవాడు. రెండు గోల్‌పోస్టుల చుట్టూ తిరిగి వలలో ప్రతి ముడినీ వేలితో లాగి చూసేవాడు. చినుగు కనిపిస్తే జేబులోంచి దారం తీసి కట్టేవాడు. అప్పట్లో అది చాదస్తమనిపించింది. 2013లో జర్మనీ లీగ్‌లో హోఫెన్‌హైమ్, లెవర్‌కూసెన్ జట్ల మధ్య మ్యాచ్‌లో బంతి పక్క వలలోని చిరుగులోంచి లోపలికి వెళితే గోల్ ఇచ్చేశారు. ఆ మ్యాచ్ రెండు ఒకటితో ముగిసింది. ఆ వార్త చదివిన రోజు పెద్దాయన దారపుండ గుర్తొచ్చింది. ఆయన ప్రార్థన నేను ఎప్పుడూ వినలేదు, వంగి వల చూడడం మాత్రం ఎన్నోసార్లు చూశాను. ఏటా జూలై 1 నుంచి అమల్లోకి వచ్చే నియమాల మార్పులను చదివి గీతలు గీసుకోవడం, అసిస్టెంట్లతో ముందే మాట్లాడుకోవడం, చలిలోనూ ఎండలోనూ సాధన మానకపోవడం, ఇవన్నీ ఆ దారపుండ లాంటివే. ఎవరూ చూడరు, చూసినా మెచ్చుకోరు. నన్నడిగితే ఆరాధనలో ఎక్కువ భాగం అక్కడే జరిగిపోతుంది.

కోచ్ విషయంలో మీతో ఏకీభవించను. విశ్వాసిని కాబట్టి ఊరుకున్నానన్నారు. మీ ఇంటికి వచ్చి మిమ్మల్ని దొంగ అని ఉంటే ఊరుకోవడం, క్షమించడం మీ ఇష్టం, అది క్రీస్తు మార్గం. అతను ఆ మాట అన్నది రిఫరీని, మైదానంలో, పిల్లల ముందు. అవమానించే, దూషించే మాట ఆట నియమాల ప్రకారం బయటికి పంపవలసిన తప్పు. 2019 నుంచి కోచ్‌లకు కూడా కార్డు చూపించవచ్చు. ఆ అధికారం మీ సొంతం కాదు, మీకు అప్పగించింది. అప్పగించినదాన్ని వాడకపోవడం వినయం కాదు. వచ్చే వారం అదే కోచ్ ముందు మొదటిసారి విజిల్ పట్టుకున్న పద్దెనిమిదేళ్ల కొత్త రిఫరీ నిలబడవచ్చు. మీరు విడిచిపెట్టిన మాట ఆ పిల్లవాడి మీద పడుతుంది. ఆటగాళ్లు కూడా పెద్దలనుంచే నేర్చుకుంటారు.

కార్డు చూపించడం, క్షమించడం ఒకదానికొకటి అడ్డు రావు. కెన్ ఆస్టన్ అనే ఆంగ్ల రిఫరీకి రంగు కార్డుల ఆలోచన వచ్చింది, ట్రాఫిక్ దీపాలు చూసి. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్‌లో ఎవరికి హెచ్చరిక ఇచ్చారో తెలియక పెద్ద గందరగోళం జరిగింది. ఏ భాషవాడికైనా అర్థమయ్యే సంకేతం కావాలనుకున్నాడు. 1970 ప్రపంచ కప్‌లో అవి వాడుకలోకి వచ్చాయి. కార్డు పుట్టింది స్పష్టత కోసం, కసి తీర్చుకోవడానికి కాదు. అందుకే దాన్ని ముఖం మీదికి విసిరినట్టు చూపించకండి. రెండడుగుల దూరంలో ఆగి, గొంతు పెంచకుండా, ఒక్కసారి చూపించి, పుస్తకంలో రాసుకోండి. మ్యాచ్ రిపోర్టులో అతను అన్న మాటను అన్నట్టే రాయండి, ఒక్క విశేషణం చేర్చకండి. ఆ రాత్రి అతని పేరు పెట్టి ప్రార్థించండి. ఈ మూడూ ఒకే రోజు చేయగలిగినప్పుడు తెలుస్తుంది, శిక్షించడానికి కోపం అవసరం లేదని.

ఈ సందర్భంలో అడ్వాంటేజ్ నియమం గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, అది నాకు అన్నిటికన్నా ఇష్టమైన నియమం. ఫౌల్ జరిగింది, మీరు చూశారు, అయినా చేతులు ముందుకు చాచి ఆట సాగనిస్తారు. ఎందుకంటే అప్పుడు ఆపితే నష్టపోయేది దెబ్బతిన్నవాడే. తప్పు చేసినవాణ్ని మరిచిపోలేదు, ఆట ఆగాక కార్డు చూపించవచ్చు. కానీ మొదటి చూపు నేరస్థుడి మీద కాక బాధితుడి మీద పడుతుంది. ప్రవక్తలు న్యాయం గురించి మాట్లాడినప్పుడల్లా విధవరాలు, తండ్రిలేని బిడ్డ ముందుగా ఎందుకు కనిపిస్తారో ఆ నియమం వల్ల నాకు కొంత అర్థమైంది.

మీ సంఘపు జట్టు మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్లకండి. ఇందులో పెద్ద చర్చ లేదు. తొలినాళ్ల ఫుట్‌బాల్‌లో ప్రతి జట్టూ తన అంపైర్‌ను తానే తెచ్చుకునేది. ఇద్దరికీ పొసగనప్పుడు బయట ఉన్న మూడో మనిషికి నివేదించేవారు, రిఫరీ అనే పేరు ఆ నివేదించడం నుంచే వచ్చింది. 1891లో ఆ మూడో మనిషిని మైదానం మధ్యకు తెచ్చి, అతనికి పూర్తి అధికారం ఇచ్చారు. మీ సంఘపు కుర్రవాళ్లు ఆశగా చూస్తున్నారంటే, తెలియకుండానే, మళ్లీ తమ అంపైర్‌ను తాము తెచ్చుకోవాలనుకుంటున్నారు. మీరు పక్షపాతం చూపకపోవచ్చు. అనుమానం రాకూడదని వాళ్లమీదే కఠినంగా ఉంటారేమో, అదీ పక్షపాతమే. నియామకాలు చూసేవారికి విషయం చెప్పి వేరొకరిని వేయమనండి. సంఘంలో ఎవరైనా నొచ్చుకుంటే, పౌలు తిమోతికి రాసిన మాట చూపించండి: జెట్టి నియమం ప్రకారం పోరాడకపోతే కిరీటం దొరకదు. ఆ నియమాన్ని కాపాడే మనిషి కూడా ఉండాలి కదా.

ఆదివారం గురించి. ఎరిక్ లిడ్డెల్ పేరు మీరు వినే ఉంటారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పరుగులు ఆదివారం వచ్చాయని ఆ పోటీ వదులుకుని, నాలుగు వందల మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. ఆ కథ ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. తర్వాత ఆయన మిషనరీగా చైనా వెళ్లాడు. యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆయనను మరెందరితోనో కలిపి వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. అక్కడి పిల్లలకు ఆటలు ఏర్పాటు చేసేవాడు, ఆదివారాలు తప్ప. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడుకున్నారు. నడిపించే పెద్దవాళ్లు లేక అది కొట్లాటగా మారింది. ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనన్న ఆ మనిషే తర్వాతి ఆదివారాల్లో విజిల్ పట్టుకుని వాళ్లకు రిఫరీగా నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరిలో, నలభై మూడేళ్ల వయసులో, ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

ఆయన తన నియమాన్ని తేలిక చేశాడని నేననుకోను. పారిస్‌లో పోయేది తన పతకం, వదులుకున్నాడు. శిబిరంలో దెబ్బలు తగులుతున్నది పిల్లలకు, వెళ్లాడు. మీరూ ఆ తేడానే చూడండి. సంఘంగా కూడుకోవడం మానకండి. ఆ వేళ ఖాళీ లేనని సంవత్సరం మొదట్లోనే రాసి ఇవ్వండి. మిగిలిన పూట పిల్లల మ్యాచ్‌కు ఇంకెవరూ దొరకకపోతే వెళ్లండి, పారితోషికం కోసం వరుసగా మూడు మ్యాచ్‌లు మాత్రం ఒప్పుకోవద్దు. మీ మనస్సాక్షి దీనికి ఒప్పుకోకపోతే నా మాట పక్కన పెట్టండి. దినాల విషయంలో ప్రతివాడూ తన మనసులో తాను నిశ్చయించుకోవాలని పౌలే అన్నాడు.

ఇక మిగిలింది ఆ ఓడిన పిల్లలు. మీరు అడగలేదు, కానీ మీకు నిద్ర పట్టనిది వాళ్లవల్లే అని నాకనిపిస్తోంది. ముందు లీగ్‌లో రిఫరీల బాధ్యత చూసేవారికి ఒక కాగితం రాయండి. పెనాల్టీ తప్పని వీడియో చూశాక తెలిసిందని రాయండి. ఫ్రీ కిక్ సంగతి కూడా రాయండి, అది రాయడమే కష్టం. దానివల్ల మీకు కొన్ని మ్యాచ్‌లు ఇవ్వకపోతే ఒప్పుకోండి. ఆ పిల్లలతో మాట్లాడడానికి అనుమతి అడగండి. అనుమతి వస్తే ఒక సాధన రోజు వెళ్లి, కోచ్ కూడా ఉండగా, రెండు నిమిషాల్లో చెప్పేయండి: ఆ నిర్ణయం తప్పు, నేను సరిగ్గా చూడలేకపోయాను, మీకు నష్టం జరిగింది, నన్ను క్షమించండి. వివరణలు వద్దు, అడ్డం వచ్చిన ఆటగాడి ప్రస్తావన వద్దు, సాక్ష్యం చెప్పడం కూడా ఆ రోజు వద్దు. కొందరు తల తిప్పుకుంటారు, తిప్పుకోనివ్వండి. అక్కణ్నుంచి ఇంటికి వచ్చాక తర్వాతి మ్యాచ్ ఎప్పుడో చూసుకుని, బూట్లు తుడుచుకుని, జేబులో ఒక దారపుండ వేసుకోండి.